పేరు ఒకటి, పని ఒకటి
(కంప్యూటరు ఆజ్ఞల నామకరణముపై ఒక విమర్శ)

మెదక్ జిల్లాలోని అల్లాదుర్గ్ అనే ఊరి పేరులో ఎన్ని అక్షరములున్నవి? ఆ ఊరి బడిలో చదివే చిన్న పిల్లవాని నడిగినా వ్రేళ్లు ముడిచి లెక్కపెట్టి, "అ, ల్లా, దు, ర్గ్ – నాలుగు" అని చెప్పుతాడు. ఇదే ప్రశ్నను కంప్యూటరు నడిగి చూడండి. జావా భాషలో 'లెంగ్త్' అను ఆజ్ఞ ఇచ్చి అడిగితే 11 అని జవాబు వస్తుంది. పైథాన్ భాషలో 'లెన్' అని అడిగినా 11 అనియే వస్తుంది. గో భాషలో అదే 'లెన్' అను ఆజ్ఞతో అడిగితే 33 అని వస్తుంది. ఊరు ఒకటే, పేరు ఒకటే, ప్రశ్న ఒకటే. జవాబులు మాత్రము మూడు.

ఇందులో యంత్రము తప్పు లెక్క చేసినదా? లేదు. పిల్లవాడు తప్పు లెక్కపెట్టినాడా? అదియు లేదు. మరి తప్పు ఎక్కడ ఉన్నది? ఆజ్ఞకు పెట్టిన పేరులో ఉన్నదని ఈ వ్యాసకర్త వాదన. కంప్యూటరు చదువు ఉన్నత పాఠశాలల వరకు వచ్చిన ఈ కాలములో ఈ విషయము ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు. ఉపాధ్యాయులు, విద్యార్థులు కూడా ఆలోచించదగినది.

మొదట ఆ లెక్కల సంగతి చూతము. ప్రపంచములోని లిపులన్నిటికి సంఖ్యలు కేటాయించిన యూనికోడు అను ఏర్పాటు 1991లో వెలువడినది. తెలుగు మొదటి కూర్పులోనే చేరినది. అందులో మన లిపికి 128 స్థానములు కలవు. అచ్చునకు ఒక సంఖ్య, హల్లునకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తునకు ఒక సంఖ్య, పొల్లునకు ఒక సంఖ్య ఇచ్చినారు. కనుక 'ల్లా' అను ఒక్క అక్షరము యంత్రమునకు నాలుగు గుర్తులు: ల, పొల్లు, మరల ల, ఆపైన దీర్ఘము. ఇట్లు అల్లాదుర్గ్ అను పేరు 11 గుర్తులైనది. వాటిని నిలువచేయుటకు సాధారణముగా వాడే యూటీఎఫ్-8 అను పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తునకు 3 బైట్లు పట్టును. పదకొండు మూళ్లు ముప్పదిమూడు. అనగా జావా, పైథాన్ గుర్తులను లెక్కించినవి; గో భాష బైట్లను లెక్కించినది; పిల్లవాడు అక్షరములను లెక్కించినాడు. ఎవరి లెక్క వారికి సరియే.

కాని ఆజ్ఞ పేరు ఏమి చెప్పుచున్నది? 'లెంగ్త్' అనగా పొడవు. దేని పొడవు? ఆ సంగతి పేరులో లేదు. ఇది ఎట్లున్నదనగా, "నీ పొలము ఎంత?" అని అడిగితే "పది" అని చెప్పి ఊరకున్నట్లున్నది. మెదక్ రైతు గుంటలలో చెప్పుతాడు. ఎకరమునకు 40 గుంటలు. కోస్తా రైతు సెంట్లలో చెప్పుతాడు. ఎకరమునకు 100 సెంట్లు. 10 గుంటలన్నా, 25 సెంట్లన్నా, 1210 చదరపు గజములన్నా భూమి ఒకటే. ఆ మూడు మాటలలో ఏ ఒక్కటియు తప్పు కాదు. కాని కొలత పేరు చెప్పకుండా ఉత్త సంఖ్య చెప్పి రిజిస్ట్రేషను చేయించుకొను రైతు ఏ జిల్లాలోను ఉండడు. భూమి విషయములో మనకున్న ఈ జాగ్రత్త అక్షరముల విషయములో ఆజ్ఞలకు పేర్లు పెట్టినవారికి లేకపోయినది.

దీనివలన కలిగే నష్టమును ఒక ఉదాహరణతో చూతము. ఒక దరఖాస్తు పత్రము కంప్యూటరు తెర మీద ఉన్నదనుకొందాము. ఊరి పేరు వ్రాయు గడికి "10 అక్షరములకు మించరాదు" అని నియమము పెట్టినారు. వెబ్ పేజీలలో ఈ నియమమునకు 'మాక్స్‌లెంగ్త్' అని పేరు. అనగా గరిష్ఠమైన పొడవు. అది కూడా గుర్తులనే లెక్కించును. అల్లాదుర్గ్ బాలుడు తన ఊరి పేరును తెలుగులో వ్రాయబోతే చివరి పొల్లు పడదు. పేరు 'అల్లాదుర్గ' అయి ఊరకుంటుంది. అదే పేరును ఇంగ్లీషులో వ్రాస్తే ఎనిమిది అక్షరములే కనుక చక్కగా పట్టును. నాలుగక్షరముల పేరు పట్టని గడిలో ఎనిమిదక్షరముల పేరు పట్టినది! ఆ బాలుడు ఏమని తలచును? "ఈ యంత్రము తెలుగునకు పనికిరాదు" అని తలచును. లేదా "తెలుగే యంత్రమునకు పనికిరాదు" అని తలచును. రెండును అబద్ధములే. ఆ గడిని తయారుచేసిన ప్రోగ్రామరు ద్వేషముతో అట్లు చేయలేదు. 'పొడవు' అను పేరు చూచి, అది అక్షరముల సంఖ్య అని నమ్మినాడు. ఇంగ్లీషు మాటలతో పరీక్షించి చూచినాడు, సరిపోయినది. పేరు అతనిని మోసగించినది, అతడు తెలియక బాలుని మోసగించినాడు.

జావాలో ఇంతకంటె చిక్కయిన పేరు 'క్యార్‌ఎట్'. దాని అర్థము 'ఫలానా స్థానములోని అక్షరము' అని. అల్లాదుర్గ్ అను పేరులో మూడవ అక్షరము ఏది అంటే పిల్లవాడు 'దు' అంటాడు. ఈ ఆజ్ఞ ఇస్తే వచ్చునది ఒంటరి పొల్లు. పొల్లును అక్షరమని ఏ వ్యాకరణము చెప్పినది? 1996 జనవరిలో జావా మొదటి కూర్పు వచ్చినప్పుడు 16 బిట్లలో ఇమిడే ప్రతి గుర్తునకు 'క్యార్' అని పేరు పెట్టినారు. తరువాత ఆ 16 బిట్లు ప్రపంచములోని గుర్తులకు చాలవని తేలినది. 2004లో వచ్చిన అయిదవ కూర్పులో 'కోడ్‌పాయింట్‌ఎట్', 'కోడ్‌పాయింట్‌కౌంట్' అను క్రొత్త ఆజ్ఞలు చేర్చినారు. వీటితో లెక్కించినా అల్లాదుర్గ్ నకు 11 అనియే వస్తుంది. కాని వీటిని తప్పుపట్టుటకు వీలులేదు. ఎందుచేతననగా ఇవి అక్షరములు లెక్కించెదమని చెప్పలేదు. గుర్తుల సంఖ్యలు లెక్కించెదమని పేరులోనే చెప్పినవి. జవాబు మారలేదు, పేరు నిజాయితీ గలది అయినది. నామకరణములోని మేలు ఇదియే.

నిజముగా అక్షరముల సరిహద్దులను వెదకి చెప్పు సాధనము జావాలో 1997 నుండి ఉన్నది. దాని పేరు 'బ్రేక్‌ఇటరేటర్'. "అక్షరములు లెక్కించుట ఎట్లు?" అని వెదకు విద్యార్థికి, 'విరుపులను వరుసగా చూపునది' అని అర్థమిచ్చు ఈ పేరు ఎన్నటికి తట్టును? మందు అంగడిలో ఉన్నది, కాని సీసా మీద చీటి వేరు. సంయుక్తాక్షరమును విడదీయక ఒకటిగా చూడవలెనను సూత్రము కూడా తెలుగునకు యూనికోడు 15.1వ కూర్పులో, అనగా 2023లో గాని చేరలేదు. 2014లో వచ్చిన స్విఫ్ట్ భాష ఈ విషయములో మెచ్చుకొనదగినది. అందులో 'కౌంట్' అని ఊరక అడిగితే మనుష్యులు చూచే అక్షరములను లెక్కించును. 'తెలుగు' అను మాటకు 3 అని చెప్పును. గుర్తులు కావలెనన్నచో 'యూటీఎఫ్16' అని, బైట్లు కావలెనన్నచో 'యూటీఎఫ్8' అని ముందు చెప్పి, ఆపైన 'కౌంట్' అనవలెను. అప్పుడు వరుసగా 6, 18 అని జవాబులు వచ్చును. గుంటలా, సెంట్లా అని అడిగి చెప్పు పట్వారీ వంటిది ఆ భాష.

ఇంతవరకు స్పష్టతను గురించి చెప్పుకొన్నాము. ఇక నిలకడను గురించి చూతము. ఒకే పనికి ఎల్లచోట్ల ఒకే పేరు, వేరు పనులకు వేరు పేర్లు ఉండుటయే నిలకడ. తెర మీద కిటికీలు, బటనులు, గడులు చూపుటకు జావా మొదటి కూర్పుతో వచ్చిన ఏడబ్ల్యుటి అను సామగ్రిని పరీక్షించినచో ఈ గుణము లేకపోతే ఏమగునో స్పష్టముగా తెలియును.

ఆ సామగ్రిలో 'సైజ్' అను ఆజ్ఞ ఇస్తే బటను వెడల్పు, ఎత్తు వచ్చును. అదే జావాలో 'వెక్టర్' అను జాబితాకు 'సైజ్' అని ఆజ్ఞ ఇస్తే అందులో ఎన్ని వస్తువులున్నవో ఆ సంఖ్య వచ్చును. ఒకే పేరునకు రెండు అర్థములు. తెర మీది జాబితాలో ఎన్ని వరుసలున్నవో తెలియవలెనంటే 'సైజ్' కాదు, 'కౌంట్‌ఐటమ్స్' అనవలెను. ఒకే అర్థమునకు రెండు పేర్లు. వస్తువును కనబరచుటకు 'షో', మరుగుపరచుటకు 'హైడ్' అను ఆజ్ఞలుండినవి, ఇంతవరకు బాగున్నది. కాని 'షో' అని చెప్పి ప్రక్కన 'అబద్ధము' అను విలువ ఉంచినచో అది మరుగుపరచును! "చూపుము – కాదు" అనుట ఏ భాషలో ఆజ్ఞ? ఇక జారుడుపట్టీకి 'గెట్‌విజిబుల్' అని ఒక ఆజ్ఞ. అది పట్టీ కనబడుచున్నదా లేదా అని చెప్పుననుకొందుము. అది చెప్పునది వేరు: పత్రములో ఎంత భాగము తెర మీద కనబడుచున్నదో ఆ పరిమాణము.

ఇది మా విమర్శ మాత్రమే కాదు. తయారుచేసిన వారే ఒప్పుకొన్న సంగతి. 1997 ఫిబ్రవరిలో వచ్చిన 1.1 కూర్పులో ఈ పేర్లను పెద్దయెత్తున సవరించినారు. ఒక గుణమును తెలిసికొనుటకు 'గెట్', మార్చుటకు 'సెట్', అవునా కాదా అని అడుగుటకు 'ఈజ్' అను మాటలతో పేరు మొదలు కావలెనని కట్టుబాటు చేసికొన్నారు. 'సైజ్' పోయి 'గెట్‌సైజ్' వచ్చినది. 'కౌంట్‌ఐటమ్స్' పోయి 'గెట్‌ఐటమ్‌కౌంట్' వచ్చినది. 'షో', 'హైడ్' రెండింటి స్థానములో 'సెట్‌విజిబుల్' వచ్చినది. జారుడుపట్టీలోని 'గెట్‌విజిబుల్' అన్నది 'గెట్‌విజిబుల్‌అమౌంట్' అయినది. ఆ చేర్చిన ఒక్క మాటతో అనుమానము తీరినది.

అయితే పాత పేర్లను తీసివేయుటకు వీలుకాలేదు. అప్పటికే ఆ పేర్లతో వ్రాసిన ప్రోగ్రాములు నిలిచిపోవునను భయముతో "ఇవి వాడవద్దు" అని ముద్రవేసి ఉంచినారు. 2023లో వచ్చిన 21వ కూర్పులో కూడా 'షో', 'హైడ్' ఆ ముద్రతోనే ఉన్నవి. ఏడాది కాలము వాడుకలోనున్న పేర్లు పాతికేళ్లు దాటినా వదలలేదన్నమాట. పెట్టిన పేరును మార్చుట ఎంత కష్టమో ఇందువలన తెలియును. పిల్లకు పేరు పెట్టునప్పుడు పెద్దలు పదిమందిని అడుగుట ఊరకే కాదు.

ఇక్కడ ఎదుటి పక్షము వాదన కూడా వినవలెను. 'షో' అనుట కంటె 'సెట్‌విజిబుల్' అనుట చిన్నపిల్లలకు కష్టము కాదా? 'చూపు', 'దాచు' అను చిన్న మాటల స్థానములో 'కనబడుటను నిజమని అమర్చు' అను పెద్ద మాట పెట్టుట మేలా? ఇందులో న్యాయము లేకపోలేదు. ఆ ఒక్క ఆజ్ఞనే చూచినచో పాత పేరే చక్కనిది. కాని విద్యార్థి నేర్చుకొనునది ఒక్క ఆజ్ఞ కాదు, వందలు. కట్టుబాటు ఉన్నచో ఒకటి నేర్చినవాడు పదింటిని ఊహింపగలడు. రంగు మార్చుట ఎట్లు? 'సెట్' అని మొదలగును. ఎత్తు తెలిసికొనుట ఎట్లు? 'గెట్' అని మొదలగును. సంధి సూత్రము ఒకటి తెలిసినవాడు వేయి మాటలను కలుపగలిగినట్లే ఇదియును. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకొనే పిల్లవాడు నిలకడలేని పేర్లను కూడా అర్థమును బట్టి ఎట్లో పట్టుకొనును. తెలుగు మాధ్యమములో చదివి, ఇంగ్లీషు మాటలను గుర్తులవలె కంఠస్థము చేయు పిల్లవానికి ఆ దారి లేదు. అతనికి ఉన్న ఆధారము నిలకడ ఒక్కటే. కాబట్టి పేర్లలోని అస్తవ్యస్తము వలన ఎక్కువ నష్టపోవునది అల్లాదుర్గ్ వంటి ఊళ్లలోని విద్యార్థియే. ఈ విమర్శకు ముఖ్యకారణము ఇది.

కట్టుబాటు వచ్చిన తరువాత కూడా చిక్కులు మిగిలియున్నవి. 'రీపెయింట్' అనగా మరల రంగు వేయుట. కాని ఆ ఆజ్ఞ ఇచ్చిన క్షణమున ఏమియు వేయదు. "వీలైనప్పుడు వేయుడు" అని ఒక మనవి పెట్టి వచ్చును. మనవిని పని అని పిలిచినందువలన క్రొత్తవారు తికమకపడుచున్నారు. వెబ్ పేజీలలో ఒక గడి మీటల కొరకు సిద్ధమగుటను 'ఫోకస్' అని, ఆ స్థితి పోవుటను 'బ్లర్' అని అన్నారు. కటకముల పాఠము చెప్పు భౌతికశాస్త్ర ఉపాధ్యాయునకు ఈ జంట ముచ్చటగానే తోచును. కాని గడి మసకబారదు గదా! తెర మీద వస్తువును నిజముగా మసకగా చూపు 'బ్లర్' కూడా వెబ్ పేజీల అలంకరణలో ఉన్నది. ఇప్పుడు ఆ ఒక్క మాటకు రెండు అర్థములైనవి.

ఈ దోషము ఇంగ్లీషునకే పరిమితమని తలచరాదు. రేపు మనము తెలుగులోనే ఆజ్ఞలకు పేర్లు పెట్టుకొన్నచో జాగ్రత్త ఇంకను ఎక్కువ కావలెను. "తలుపు వేయి" అంటే మూయుమని అర్థము. "ఫ్యాను వేయి" అంటే నడుపుమని అర్థము. "తలుపు తీయి" అంటే తెరువుమని, "మేకు తీయి" అంటే పెరికివేయుమని అర్థము. "డబ్బు దాచు" అంటే భద్రపరచుమని, "దొంగసొత్తు దాచు" అంటే కనబడకుండ చేయుమని అర్థము. తెర మీద 'దాచు' అని ఒక బటను ఉన్నదనుకొనుడు. వ్రాసిన వ్యాసము భద్రమగునా, మాయమగునా? నొక్కిన తరువాత గాని తెలియదు. 'భద్రపరచు', 'మరుగుపరచు' అని రెండు వేరు మాటలు పెట్టుట క్షేమము. నోటి మాటలో తలుపు, ఫ్యాను కంటి ఎదుట ఉండును గనుక అర్థము తప్పదు. యంత్రముతో మాట్లాడునప్పుడు పేరు తప్ప వేరు ఆధారము ఉండదు.

మాటలలో వైవిధ్యము ఉండరాదని దీని భావము కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటమును తెరచి చూచినచో, ఒకే పనిముట్టునకు జిల్లాకొక పేరు కనిపించును. అది భాషకు సంపద. కాని ఒక ఊరి రైతు తన నాగలి భాగమును ఉదయము ఒక పేరుతో, సాయంకాలము మరొక పేరుతో పిలువడు. ఒకే పేరుతో రెండు భాగములను పిలువడు. ఊరికి ఊరికి పేరు మారవచ్చును, ఒక ఊరిలో నిలకడ ఉండును. ఒక కంప్యూటరు సామగ్రి కూడా ఒక ఊరి వంటిదే. దానిలో ఆ రైతు పాటించు నియమమును పాటింపుమని అడుగుట అత్యాశ కాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా ప్రయోగించి చూపవచ్చును. పైథాన్ మూడవ కూర్పులోను, జావాలోను ఆజ్ఞల పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయుటకు వీలున్నది. పిల్లలను రెండు జట్లు చేయుడు. ఒక జట్టు ఒక చిన్న ప్రోగ్రామునకు ఆజ్ఞల పేర్లు మాత్రము నిర్ణయించి పలక మీద వ్రాయవలెను. రెండవ జట్టు ఆ పేర్లు చూచి, ఒక్కొక్కటి ఏమి చేయునో ఊహించి చెప్పవలెను. ఊహ తప్పినచోట ఊహించిన పిల్లవానిని తప్పుపట్టక, పేరును దిద్దవలెను. ఆజ్ఞ అయితే క్రియతో ముగిసినదా? లెక్క అయితే దేని లెక్కయో చెప్పినదా? ఒకచోట 'తొలగించు' అని మరొకచోట 'తుడుచు' అని వ్రాసినచో, అవి నిజముగా రెండు పనులేనా? ఈ మూడు ప్రశ్నలు చాలును. చివరకు ప్రతి పిల్లవాడును తన ఊరి పేరును ఇచ్చి, అక్షరములెన్ని, గుర్తులెన్ని, బైట్లెన్ని అని మూడు లెక్కలు వేరువేరుగా చెప్పు ప్రోగ్రామును వ్రాయవలెను. ఆ మూడు ఆజ్ఞలకు ఏ పేర్లు పెట్టినారో చూచినచో పాఠము ఎంత పట్టుబడినదో తెలియును.

రేపు ఈ పిల్లలలోనే కొందరు దరఖాస్తు పత్రములు తయారుచేయువారగుదురు. అప్పుడు గడి ప్రక్కన "10 అక్షరములు" అని వ్రాసినచో అవి నిజముగా అక్షరములే అయి ఉండునని, అల్లాదుర్గ్ చివరి పొల్లు గడి బయట నిలిచిపోదని ఆశింపవచ్చును.